ఐదేళ్లు వరసగా రోవర్స్ కప్ తెచ్చిన జట్టు

డ్యురాండ్ ఫుట్‌బాల్ కప్ 1940 తర్వాత ఆగిపోయి, పదేళ్లకు 1950లో ఢిల్లీలో మళ్లీ మొదలైంది. స్వతంత్ర భారతంలో అదే మొదటి డ్యురాండ్. ఫైనల్‌కు చేరినవాళ్లలో ఒకరు కలకత్తా మోహన్ బగాన్. 1911లో బ్రిటిష్ రెజిమెంటును బూట్లు లేని కాళ్లతో ఓడించి దేశమంతా పేరు మోగించుకున్న క్లబ్బు అది. రెండోవాళ్లు పోలీసులు. సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసి అప్పటికి రెండేళ్లే అయిన హైదరాబాద్ నుంచి వచ్చారు. మొదటి రోజు ఆట తేలలేదు. మళ్లీ ఆడారు. ఒక్క గోల్ తేడాతో కప్పు హైదరాబాద్ సిటీ పోలీస్‌కు దక్కింది.

అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్ కూడా వాళ్లదే. ఆ మరుసటి ఏడాదీ వాళ్లదే. 1950 నుంచి 1954 దాకా ఐదేళ్లూ రోవర్స్ కప్‌ను మరో జట్టుకు వదల్లేదు. 1891 నుంచి నడిచిన ఆ పోటీలో బ్రిటిష్ రెజిమెంట్లు ఆడాయి, కలకత్తా పెద్ద క్లబ్బులు ఆడాయి. వరసగా ఐదుసార్లు గెలిచిన ఘనత మాత్రం ఈ పోలీసులకే దక్కింది. ఆ తర్వాత 1957, 1960, 1962, 1963. మొత్తం తొమ్మిది రోవర్స్ కప్పులు. 1962 నాటిది ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్నది. డ్యురాండ్ కప్పులు నాలుగు: 1950, 1954, 1957, 1961.

ఈ లెక్కలు ఇవాళ హైదరాబాద్‌లో ఎంతమందికి తెలుసు? జైసింహ నుంచి అజారుద్దీన్ దాకా, అక్కణ్నుంచి సిరాజ్ దాకా క్రికెటర్ల వరస ఇరానీ హోటల్లో టీ తాగేవాళ్లెవరైనా చెప్పగలరు. ఫుట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి మాట తడబడుతుంది. 2024లో అజయ్ దేవగన్ నటించిన మైదాన్ సినిమా వచ్చాక కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు కొంత వినపడింది. అయితే ఆ సినిమా కథ భారత జట్టుది. రహీం తన పద్ధతులన్నీ ముందుగా ప్రయోగించి చూసుకున్న జట్టు వేరే ఉంది. మన కథ దాని గురించి.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లకు ఫుట్‌బాల్ కంటోన్మెంటు దారిన వచ్చింది. బొల్లారం, తిరుమలగిరి, అమ్ముగూడ వైపు తెల్లదొరల రెజిమెంట్లు ఆడుతుంటే గోడల మీద కూర్చుని చూసిన పిల్లలు నేర్చుకున్నారు. నగరంలో పాఠశాలలు, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ ఆటను అందుకున్నాయి. సిటీ పోలీస్ జట్టు 1939లో ఏర్పడింది. తొలి రోజుల్లో నార్బర్ట్ ఆండ్రూ ఫ్రువాల్ అనే శిక్షకుడు దాన్ని తీర్చిదిద్దారు. 1943లో బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ గెలిచాక దక్షిణాదిలో దాని పేరు నిలబడింది. శాఖ తరఫున జట్టుకు పెద్దదిక్కు శివ్ కుమార్ లాల్ అనే పోలీసు ఉన్నతాధికారి. ఆయన పేరు మీద తర్వాత ఒక గోల్డ్ కప్ టోర్నమెంటే నడిచింది.

1950లో రహీం వచ్చారు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. వృత్తి బడిపంతులు. ఉస్మానియాలో డిగ్రీ చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఉర్దూ షరీఫ్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. అప్పటికే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి కూడా. పంతులు పద్ధతి ఆయన శిక్షణలో చివరిదాకా కనిపించింది. కుర్రాళ్లకు చిత్రమైన షరతులతో పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందిన వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. బంతి పట్టుకుని నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకోవడమే గొప్ప ఆట అనుకునే రోజులవి. ఆ రోజుల్లో పోలీసు జట్టు చిన్న చిన్న పాసులతో మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లేది.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తర్వాత బూట్ల మీద పట్టుబట్టినవాళ్లలో రహీం ఒకరు. సెంటర్ ఫార్వర్డ్‌ను కొంచెం వెనక్కి దించి ఆడించే హంగేరీ పద్ధతిని ఆయన త్వరగానే అందుకున్నారు. బ్రెజిల్ 1958 ప్రపంచ కప్‌లో లోకానికి చూపించిన 4-2-4 వ్యూహాన్ని ఆయన అంతకు ముందే తన ఆటగాళ్లతో ఆడించారు. జట్టు రోజంతా ఆయన చేతి కింద ఉండేది కాబట్టి ఇదంతా వీలైంది. ఆటగాళ్లందరూ ఒకే శాఖ ఉద్యోగులు. పొద్దున్నే కవాతు బదులు సాధన. సెలవు అడుక్కోనక్కర్లేదు, జీతం ఆగదు.

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, యూసుఫ్ ఖాన్ అందరూ ఈ నగరం ఇచ్చినవాళ్లే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో బెంగాల్ వాళ్లకు దీటుగా హైదరాబాద్ వాళ్లు ఉన్నారు. కోచ్ ఎలాగూ రహీమే. ఆ సీజన్‌లో రాష్ట్ర జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే, మరుసటి సీజన్‌లోనూ దానిదే. 1957లో సంతోష్ ట్రోఫీ, రోవర్స్, డ్యురాండ్ మూడూ ఒకే ఊరికి వచ్చాయి. ఆ డ్యురాండ్ ఫైనల్లో ఓడింది ఈస్ట్ బెంగాల్.

తులసీదాస్ బలరామ్ సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. అమ్ముగూడలో పేద ఇంట పుట్టాడు. పోలీసుల పాత బూట్లతో చెప్పులు కుట్టేవాడి దగ్గర రెండు రూపాయలకు తన మొదటి బూట్లు చేయించుకున్నాడు. రహీం కళ్లలో పడ్డాక హైదరాబాద్ వచ్చి సాధన చేయాలి, దారి పొడుగు, చేతిలో పైసా లేదు. అద్దె సైకిలు డబ్బులు రహీమే సర్దారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు ఇరవై ఏళ్లకు ఒలింపిక్స్ ఆడాడు, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం మెళ్లో వేసుకున్నాడు. కానీ అప్పటికి అతను హైదరాబాద్‌వాడు కాదు. 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. మిగతా జీవితమంతా బెంగాల్లోనే గడిపి 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు.

కలకత్తా ఈ వలసను బలరామ్‌తో మొదలుపెట్టలేదు. ఈస్ట్ బెంగాల్ అభిమానులు పంచపాండవులని పిలుచుకున్న ఐదుగురు ఫార్వర్డ్‌లు వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. పేర్లు చూస్తేనే దక్షిణాది ఎంతగా అక్కడ ఆడిందో తెలుస్తుంది. పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లోనే పుట్టి ఇక్కడి చిన్న క్లబ్బుల్లో ఎదిగాడు. సైన్యంలో చేరి, వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ గోల్ కాపాడి, 1955లో, 1958లో ఆ జట్టుకు డ్యురాండ్ తెచ్చిపెట్టి, చివరికి కలకత్తాకే చేరాడు. హైదరాబాద్ మొలకలు పెంచింది, పంట కలకత్తా కోసుకుంది.

ఇంతలో మ్యాపు మారింది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 1960 రోవర్స్ కప్ ఆ కొత్త పేరుతోనే గెలిచారు. సరిహద్దులు గీసేవాళ్ల పెన్సిలు ఊళ్లనే కాదు, జట్ల పేర్లనూ మారుస్తుంది. పేరు మారినా ఆట తగ్గలేదు. 1961 డ్యురాండ్ ఫైనల్లో మళ్లీ మోహన్ బగాన్‌నే ఓడించారు.

1962 సెప్టెంబర్ 4న జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను భారత్ 2-1తో ఓడించింది. గోల్స్ పి.కె. బెనర్జీవి, జర్నైల్ సింగ్‌వి. అప్పటికే క్యాన్సర్ రహీంను లోపల్నుంచి తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన చనిపోయారు. ఆ సంవత్సరాంతంలో బొంబాయిలో ఆంధ్రప్రదేశ్ పోలీస్ రోవర్స్ కప్ గెలిచింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ గెలవలేదు. అదే ఏడాది డ్యురాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ బదులు తీర్చుకుంది.

పతనానికి కోచ్ మరణమే కారణమని చాలామంది అంటారు. అది సగం నిజమే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంటే రహీం పోయిన రెండేళ్లకు కూడా ఆటగాళ్ల కరువు లేదు. ఆటగాళ్లను నిలబెట్టుకునే దారి లేదు. పోలీసు శాఖ ఇవ్వగలిగింది ఒక ఉద్యోగం: కానిస్టేబుల్ జీతం, ప్రమోషన్లు, పదవీ విరమణ తర్వాత పెన్షన్. 1950లో ఒక పేద ఇంటి కుర్రాడికి అది పెద్ద వరమే. 1966 నాటికి కలకత్తా క్లబ్బులు సీజన్‌కు ఇంతని చేతిలో పెడుతున్నాయి, మ్యాచ్‌కు వేలమంది జనం వస్తున్నారు. సయ్యద్ నయీముద్దీన్ పోలీసు జట్టు వదిలి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ అతనే. మహమ్మద్ హబీబ్ కూడా ఆ రోజుల్లోనే కలకత్తా రైలెక్కాడు.

హబీబ్ జీవితం మొత్తం ఈ మార్పుకు సాక్ష్యం. అన్నదమ్ములంతా ఫుట్‌బాల్ ఆడే ఇంటి నుంచి వచ్చి, ఎక్కడా గుమాస్తా ఉద్యోగం చేయకుండా, కేవలం ఆట మీద బతికిన తొలి తరం భారతీయ ఆటగాళ్లలో ఒకడయ్యాడు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో సమం చేసినప్పుడు ఒక గోల్ అతనిది. తమ్ముడు అక్బర్ 1976లో కలకత్తా డెర్బీ మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టి రికార్డు సృష్టించాడు. ఆ రెండు గోల్స్‌కూ ఊగిపోయింది కలకత్తా. ఈ అన్నదమ్ములు పుట్టిన ఊరు వాటిని మరునాడు పేపర్లో చదువుకుంది. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్‌లది తర్వాతి తరం. వాళ్లదీ అదే దారి.

పోలీసు జట్టు ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. మోహన్ బగాన్‌కు, ఈస్ట్ బెంగాల్‌కు సభ్యులున్నారు, సభ్యత్వ కార్డులున్నాయి, ఎన్నికలున్నాయి, గెలిచి ఓడే కార్యవర్గాలున్నాయి. ఆ క్లబ్బుల్లో రాజకీయాలు, కుమ్ములాటలు తక్కువేమీ కాదు. అయినా జట్టు రెండేళ్లు ఓడితే అడిగే హక్కున్నవాళ్లు వీధిలో ఉన్నారు. హైదరాబాద్ సిటీ పోలీస్‌కు సభ్యులు లేరు. అది ఒక శాఖ జట్టు. ఆట మీద మమకారమున్న అధికారి కుర్చీలో ఉన్నన్నాళ్లు ఎదిగింది. ఆ అధికారి బదిలీ అయితే, నియామకాల నిబంధనలు మారితే, స్పోర్ట్స్ కోటా కుదించుకుపోతే జట్టు నీరసించిపోతుంది, అడిగేవాళ్లుండరు. ఫైలు మూసేసినట్టే.

కేరళ పోలీస్ కథా ఇలాంటిదే. వి.పి. సత్యన్, ఐ.ఎం. విజయన్‌లతో 1990లో, 1991లో వరసగా ఫెడరేషన్ కప్ గెలిచి దేశాన్ని ఆశ్చర్యపరిచింది. కొద్ది ఏళ్లకే విజయన్ మోహన్ బగాన్‌కు వెళ్లాడు, మిగతావాళ్లు చెదిరిపోయారు. కంపెనీ జట్ల తలరాతా వేరేగా లేదు. 1996-97లో తొలి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ గెలిచిన జేసీటీ మిల్స్ జట్టును యాజమాన్యం 2011లో మూసేసింది. బొంబాయి మహీంద్రా యునైటెడ్ అంతకు ఏడాది ముందే మూతపడింది. యజమాని లెక్కల్లో జట్టు ఒక ఖర్చుగా మాత్రమే కనిపించిన రోజు అది ముగుస్తుంది.

హైదరాబాద్‌లో ఇంకో నష్టం కూడా జరిగింది. మైదానాలు పోయాయి. ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది, క్రికెట్ టెస్టులు ఆడించింది, ఇప్పుడు ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలకు, సభలకు పేరుపడింది. పోలీసుల మైదానంగా తరతరాలు తెలిసిన గోషామహల్ స్టేడియంలో 2025 జనవరి 31న కొత్త ఉస్మానియా ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు. ఆస్పత్రి అవసరం ఎవరూ కాదనలేరు. కానీ నగరం నడిబొడ్డున బంతి తన్నుకునే చోటు ఇంకొకటి తగ్గింది. సంఘాల మధ్య గొడవలు, కుంటుకుంటూ నడిచే స్థానిక లీగ్ సరేసరి. ఆ చర్వితచర్వణం ఇక్కడ వద్దు.

రోవర్స్ కప్పే 2000-01 తర్వాత ఆగిపోయింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యాక పోలీసు శాఖ కూడా రెండయింది. పోలీసు జట్లు ఇప్పటికీ ఉన్నాయి. బి.ఎన్. మల్లిక్ పేరిట జరిగే అఖిల భారత పోలీసు ఫుట్‌బాల్ పోటీల్లో శాఖలు ఒకదానితో ఒకటి తలపడతాయి. దేశం చూసే లీగుల్లో మాత్రం వాటి పేరు వినపడదు.

2019 ఆగస్టులో కొత్త కథ మొదలైంది. పుణె సిటీ క్లబ్బు మూతపడితే ఆ ఖాళీలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. యజమానులు విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని. సినీనటుడు రానా దగ్గుబాటి సహ యజమానిగా చేరారు. తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక జట్టు రూపురేఖలే మారిపోయాయి. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1తో సమం చేసి, షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపడంతో ఛాంపియన్ అయింది. ఆ సీజన్‌లో బార్తొలొమ్యూ ఒగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. కరోనా వల్ల లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది కాబట్టి హైదరాబాద్ తన జట్టు ఛాంపియన్ అయిన ఏడాది ఒక్క మ్యాచ్ కూడా గచ్చిబౌలిలో చూడలేదు.

మరుసటి సీజన్‌లో జట్టు పట్టికలో రెండో స్థానం. ఆ వెంటనే జీతాల బకాయిలు, ఫిఫా నిషేధం, ఆటగాళ్ల వలస. 2023-24లో 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు. 2024లో క్లబ్బు బి.సి. జిందాల్ గ్రూపు చేతికి మారింది. 2025 అక్టోబర్‌లో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఛాంపియన్ అయిన నాలుగేళ్లలోపే ఊరి పేరు పోయింది. దక్కన్ లీజియన్ అనే అభిమానుల బృందం గచ్చిబౌలి స్టాండ్లలో గొంతులు చించుకున్నది ఈ జట్టు కోసమే. వాళ్లకు ఓటు లేదు, వాటా లేదు, వాళ్లని అడిగినవాళ్లూ లేరు.

కలకత్తాలో ఇలాంటి తగువు మరోలా ముగిసింది. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ విభాగం ఏటీకే అనే మరో క్లబ్బుతో కలిసిపోయి ఏటీకే మోహన్ బగాన్ అయితే, అభిమానులు మూడేళ్లు ఆ మూడక్షరాల మీద పోరాడారు. 2023లో యజమాని వాటిని తీసేయక తప్పలేదు. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలించబోతుంటే అభిమానులు 2002లో తమ సొంత క్లబ్బు ఏఎఫ్‌సీ వింబుల్డన్‌ను పెట్టుకున్నారు. కింది స్థాయి లీగు నుంచి మెట్టు మెట్టుగా పైకి తెచ్చారు.

ఇప్పుడు నగరానికి మిగిలింది ముఖ్యంగా శ్రీనిధి దక్కన్. మొయినాబాద్ వైపు అజీజ్‌నగర్‌లో సొంత స్టేడియం ఉంది. సూపర్ లీగ్ కింది అంచె అయిన ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో రెండుసార్లూ రెండో స్థానంలో ఆగింది. ఆటలో పస ఉంది, వసతులున్నాయి. కానీ దానికీ యజమాని ఒక సంస్థే. భారత ఫుట్‌బాల్ లీగుల వ్యాపార ఒప్పందం ముగిసి 2025-26 సీజన్ ఎప్పుడు మొదలవుతుందో తెలియక దేశంలోని క్లబ్బులన్నీ నెలల తరబడి ఎదురు చూశాయి. అలాంటి కాలంలో ఒక సంస్థ చేతిలోని జట్టు ఎన్నాళ్లు నిలుస్తుందని ధైర్యంగా చెప్పడం కష్టం. తమిళనాడులో కవరైపేట్టై, గుమ్మిడిపూండి వైపు తెలుగు ఇళ్లలో పుట్టిన పిల్లవాడు లోకల్ రైలెక్కి చెన్నై వెళితే, రెండుసార్లు సూపర్ లీగ్ ఛాంపియన్ అయిన చెన్నైయిన్ జట్టు ఆట చూడగలడు. హైదరాబాద్ పాతబస్తీ పిల్లవాడికి సూపర్ లీగ్‌లో తన ఊరి పేరుతో జట్టే లేదు.

2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలో జరిగింది. పశ్చిమ బెంగాల్ కేరళను 1-0తో ఓడించింది. ఆతిథ్యం మనది, ఆట వాళ్లది. మైదానాలు కట్టగలిగే ప్రభుత్వం, పోటీలు జరపగలిగే నగరం, పిల్లల్ని తయారుచేసే సంప్రదాయం ఉండి కూడా జట్టు నిలవడం లేదు. ఒకప్పుడు పోలీసు శాఖ, తర్వాత వ్యాపారులు, ఎప్పుడూ ఎవరో ఒకరిది అయింది గానీ హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్‌వాళ్లది కాలేదు.

రహీం కొడుకు, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు, ఫిఫా రిఫరీ షాహిద్ హకీం 2021లో పోయారు. బలరామ్, హబీబ్ 2023లో ఒకే ఏడాది పోయారు. ఆ తరం ఫొటోలు, టోర్నమెంటు కరపత్రాలు, పాత పేపరు కత్తిరింపులు ఇంకా చాదర్‌ఘాట్‌లో, బొల్లారంలో, అమ్ముగూడలో ఇళ్ల అటకల మీద ఉంటాయి. ఎవరింట్లోనైనా ఉంటే రాష్ట్ర పురావస్తు శాఖకో, దగ్గర్లోని గ్రంథాలయానికో అందజేయండి. కొత్త క్లబ్బు పెడతామని ఎవరైనా ముందుకొస్తే, అందులో సభ్యత్వం అమ్ముతారా అని మొదట అడగండి.